కుస్తీ గోదాలో మా పడుగు

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. మగ్గం ముందు కూర్చునేవాడికి అలాంటి నమ్మకం నిలవదు. దారం తెగితే ఎక్కడ తెగిందో వెతుకుతాం, ముడి పడితే ఎవరి చేయి వేసిందో కనిపెడతాం. మా వాడలో ఎవరికైనా దయ్యం పట్టిందంటే నేను ముందు వాళ్ళింట్లో అత్తాకోడళ్ళ సంగతి ఆరా తీసేవాణ్ణి.

అయినా పెళ్ళిళ్ళలో, చావుల్లో నలుగురూ చేరినచోట నన్ను కూర్చోబెట్టి గద్వాల కుస్తీ గోదా సంగతి చెప్పమంటారు. చెబుతాను. ఖాళీ మెట్ల మీద నుంచి పదివేల మంది ఒక్కసారిగా ‘షాబాష్’ అని అరిచారంటాను. తలలు లేని తలపాగాలు వరసగా ఊగాయంటాను. వినేవాళ్ళ కళ్ళు పెద్దవైతే ఇంకో వెయ్యి మందిని కలుపుతాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి ఇందులో అబద్ధం ఎంతవరకో కూడా చెప్పేస్తాను. అది చెప్పకపోతే నిజం ఎక్కడ మొదలైందో మీకు తెలియదు.

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. నాకు పెళ్ళయి రెండేళ్ళు. మా ఊరి దగ్గరి దొర ఒకాయన తన కొడుకు పెళ్ళికి మూడు రోజుల కుస్తీ పోటీలు పెట్టించాడు. రాయచూరు నుంచి, కర్నూలు నుంచి, ఇంకా పై నుంచి పహిల్వాన్లు దిగారు. వాళ్ళ కోసం ఊరి బయట సర్కారు బంజరులో గుండ్రంగా పెద్ద గోదా కట్టించాడు. నడుమ మోకాలి లోతు ఎర్రమట్టి. అందులో నూనె, మజ్జిగ, పసుపు కలిపి వారం రోజులు తొక్కించారు. చుట్టూ తాటి దూలాలు, బల్లలు వేసి ఇంటి కప్పంత ఎత్తున మెట్లు. తూర్పున ఒక గుమ్మం, పడమర ఒక గుమ్మం. పదివేల మంది పట్టేవారు అంటాను గానీ, నిజానికి రెండు వేల మంది కూర్చుంటే కింది బల్లలు మూలిగేవి.

ఆ బంజరు మా నేతవాళ్ళు పడుగు చాపుకునే చోటు. తెలియనివాళ్ళకు చెబుతున్నాను. చీరకు నిలువునా ఉండే దారాలే పడుగు. దాన్ని మగ్గానికి ఎక్కించే ముందు తెల్లవారుజామున బయట పొడుగ్గా చాపి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే ఆరబెట్టాలి. ఇద్దరు చెరో పక్కన అడుగులో అడుగు వేసి దువ్వాలి. చివర ఒకరు తాడు బిగబట్టి కూర్చోవాలి. పడుగు వదులైతే తడి దారాలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. నేలకు తగిలితే ఇక అంతే, నాలుగు చీరలు మట్టిపాలు.

పోటీలు అయిపోయాయి, పహిల్వాన్లు వెళ్ళిపోయారు, దొరకు సరదా తీరింది. గోదా మాత్రం మిగిలింది. దాన్ని ఏం చేయాలన్నది నెల రోజుల పాటు ఊరందరి పంచాయితీ అయింది. రైతులు ఆ మట్టి చేలకు బలమన్నారు. తాలీంలో కుస్తీ నేర్చుకునే కుర్రాళ్ళు తమకే వదలమన్నారు. గుత్తేదారు శంకరప్ప మాత్రం మెట్ల కింద తడికెలు కట్టి, పైన కప్పు వేసి, సర్కారు ధాన్యానికి కొట్టు చేస్తానని అర్జీ పెట్టుకున్నాడు. కలప తయారుగా ఉంది, సర్కారుకు కొట్టు కావాలి, ఆయన మాటలో తప్పేమీ లేదు.

మేము మొదట దాన్ని పీకేయమని మొత్తుకున్నాం. అంతలో మా మామ కిష్టప్ప, అంటే మా ఆవిడ తండ్రి, ఒకనాడు మొండిగా లోపలికి పోయి పడుగు చాపాడు. చుట్టూ మెట్లు అడ్డం ఉండి గాలి లోపలికి రాలేదు. దుమ్ము పడలేదు. దారం దారానికి అంటలేదు. దువ్విన పడుగు అద్దంలా ఆరింది. ఆయన బయటికొచ్చి మీసం తుడుచుకుని, “ఇగ దీన్ని పీకుతమన్నోని చేయి ఇరగ్గొడత” అన్నాడు. మర్నాటి నుంచి వాడంతా అక్కడే.

శంకరప్ప కూలీలు మాత్రం తడికెలు తెచ్చి ఒక పక్క నుంచి కట్టడం మొదలుపెట్టారు. ఇదిగో, నా అబద్ధం ఇక్కడే పుట్టింది.

ఒకనాడు మధ్యాహ్నం కూలీలు అన్నాలు తింటుండగా నేను మెట్ల కిందికి దూరి, మా ఆవిడ నాగమ్మ గంజి కాచే పెద్ద కుండలో మూతి పెట్టి ‘షాబాష్’ అని అరిచాను. గుండ్రటి కట్టడం కదా, ఆ అరుపు ఎటు నుంచి వచ్చిందో తెలియకుండా చుట్టూ తిరిగింది. నా గొంతుకు నేనే జడిశాను. కూలీలు సద్దిమూటలు కూడా అక్కడే వదిలేసి పరుగు తీశారు. రెండో రోజు పై బల్లలను కింది నుంచి గుద్దాను. మూడో రోజుకు నేను పోనక్కరలేకపోయింది. నేను ఇంట్లో మగ్గం నేస్తుంటే ఎవరో వచ్చి, తలపాగాలు ఊగుతుంటే తమ కళ్ళతో చూశామని నాకే చెప్పారు.

నాగమ్మకు కుండ అంచున నా మీసం నూనె వాసన దొరికింది.

“ఏమయ్యా, గంజి కుండలో మూతి పెట్టి ఏం జేస్తున్నవ్?”

“తాలీం.”

“సిగ్గుండాలె. కూలోళ్ళు బెదిరిండ్రని మురుస్తున్నవా? వాడల ఆడోళ్ళు ఏమంటున్నరో ఇన్నవా? రేపటి సంది గోదాకు ఎవ్వరు రారంట.”

నేను ఆలోచించని సంగతి అదే. దయ్యం కూలీలను మాత్రమే ఎందుకు భయపెడుతుంది? మా నలభై ఇళ్ళ వాళ్ళూ పడుగులు చుట్టుకుని ఇంట్లో కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే కబురు వచ్చింది. మర్నాడు పొద్దున్నే సర్కారు భూముల లెక్క చూసే గిర్దావరు వచ్చి గోదాను కళ్ళారా చూస్తాడట. ఎవరైనా వాడుకుంటుంటే వాళ్ళకు వదులుతాడట. ఖాళీగా ఉంటే శంకరప్ప కొట్టుకు అప్పగిస్తాడట. అంటే మర్నాడు పొద్దున అక్కడ పడుగు లేకపోతే మా వాడకు చోటు లేదు. ఊళ్ళో మిగిలిన వీధులు మా పడుగులో సగం కూడా పట్టవు.

ఇంటింటికీ తిరిగాను. దయ్యం లేదన్నాను. “నీకేం తెల్సు?” అన్నారు. నాకెలా తెలుసో చెప్పే ధైర్యం లేకపోయింది. చెబితే నన్ను కుమ్మేవాళ్ళు, చెప్పకపోతే వాళ్ళు రారు. చివరికి మా మామ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నాగమ్మ అప్పటికే ఆయనకు అంతా చెప్పేసింది.

“ఏం అల్లుడా,” అన్నాడు మామ, “దయ్యం ఊర్ల ఉన్నదా, బయటికి పోయిందా?”

కుంచెలు తెచ్చి ఆయన ముందు పెట్టాను.

“సరే తియ్యి. మనం ముగ్గురం పోదం. దువ్వెటోళ్ళు ఇద్దరు, పట్టెటోడు ఒకడు. తడి పడుగు నిండా బరువుంటది, నా నడుము ఇరిగితే నీ కొంపల్నే పడుంట.”

తెల్లవారగానే వెళ్ళాం. తూర్పు గుమ్మం దగ్గర పడుగు మొదలు దూలానికి కట్టాం. నడుమ రెండు చోట్ల వెదురు కర్రల మీద ఆనించాం. పడమటి చివర అసలు చిక్కు. అక్కడ గట్టి నేల లేదు, అంతా తొక్కించిన మెత్తటి ఎర్రమట్టి. మేకు దిగేసినా అర నిమిషం నిలవదు. అందుకని మామ తాడును నడుముకు చుట్టుకుని, మడమలు మట్టిలో దిగేసి, మేకు కూడా ఉంటే మంచిదని చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. నేనూ నాగమ్మా చెరో పక్కన కుంచెలు పట్టుకుని తూర్పు నుంచి బయల్దేరాం. కళ్ళన్నీ దారాల మీదే. దువ్వేటప్పుడు తల ఎత్తితే పోగు తప్పుతుంది.

సగం దూరం వచ్చేసరికి వెనక తూర్పు గుమ్మంలో గుర్రం సకిలించింది. గిర్దావరు వచ్చాడు. పక్కన శంకరప్ప.

“ఇక్కడ పెద్దమనిషి ఎవరు? జర ముందుకు రావాలె!” అని గిర్దావరు గొంతు వినిపించింది.

మేము ఆగలేదు. ఆగితే గంజి గడ్డ కడుతుంది. మామ ఎలాగూ కదలడని మా ధీమా. దువ్వుతూ పోయాం. పడుగు వీణ తీగలా ఉంది. ఆ బిగువు ఇప్పటికీ నా వేళ్ళకు గుర్తుంది. అంత సమానంగా పట్టినవాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. మనసులో మామను మెచ్చుకున్నాను కూడా. ఈ వయసులో ఏం బలం రా అని.

చివరికి చేరి కుంచె ఎత్తి చూస్తే అక్కడ మామ లేడు.

ఎవరూ లేరు. తాడు చివర నేల మీద నుంచి జానెడు ఎత్తున గాలిలో ఉంది. ఇక్కడ నేను చాలా కల్పించేవాణ్ణి. ఎర్ర లంగోటీ కట్టిన నల్లటి పహిల్వాన్ కనిపించాడని, నా వైపు చూసి నవ్వాడని చెప్పేవాణ్ణి. ఏమీ కనిపించలేదు. తాడు కనిపించింది. నేను చూస్తుండగా అది మెల్లగా, బరువు దించేవాడు జాగ్రత్తగా దించినట్టు కిందికి వచ్చింది. నాగమ్మ అరవలేదు. కుంచె నా చేతిలో పెట్టి, గభాలున తాడు అందుకుని నడుముకు చుట్టుకుంది. “నోరు మూసుకొని ఆ పక్క పట్టు” అంది. పడుగు నేలకు తగలలేదు.

తూర్పు వైపు చూశాను. మామ గిర్దావరు ముందు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. ఆ జోడించిన చేతుల మధ్య మేకు ఉంది. సర్కారు మనిషి పిలిచేసరికి కంగారులో తాడు నడుము నుంచి తీసేసి, మేకుకు కట్టాననుకుని, మేకు పట్టుకునే పరుగెత్తాడు. మెట్ల వెంబడి చుట్టూ తిరిగి అంత దూరం వెళ్ళాడు. అక్కడ నిలబడి మా వాడ సంగతంతా చెప్పుకున్నాడు. అంతసేపూ తాడు దేనికీ కట్టి లేదు.

గిర్దావరు దగ్గరికి వచ్చి పడుగును వేలితో మీటి చూశాడు. తృప్తిగా తల ఊపాడు. తరువాత అన్నాడు, “మంచిగ జేస్తున్నరు. నలుగురే ఉన్నరేంది? మిగిలినోళ్ళు ఏరి?”

“ముగ్గురమే సాబ్” అన్నాడు మామ.

“ఏందయ్యా, నేను చూస్తనే ఉన్న గదా. ఈ ముసలాయన లేచి నా దిక్కు వస్తుంటే ఇంకొకాయన కూసొని తాడు పట్టిండు. దిట్టమైన మనిషి. ఎటు పోయిండు?”

పడమటి గుమ్మం బయట ఒక మేక తప్ప ఎవరూ లేరు. శంకరప్ప ముఖం గంజి రంగుకు తిరిగింది. తానూ చూశాడో, కూలీల మాటలు గుర్తొచ్చాయో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ వారమే అర్జీ వెనక్కి తీసుకున్నాడు. గిర్దావరు మాత్రం మామ ఎంత చెప్పినా వినకుండా ‘నలుగురు పనివాళ్ళు పడుగు చాపుతుండగా చూసితిని’ అని పంచనామాలో రాసి, మామ చేత వేలిముద్ర వేయించాడు. పొద్దున నేతవాళ్ళకు, సాయంత్రం తాలీం వాళ్ళకు అని గోదాను వదిలేశాడు. మెట్లు చెదలు తినేదాకా, ఇరవై ఏళ్ళకు పైనే, అలాగే వాడుకున్నాం.

వాళ్ళు వెళ్ళాక నేను ఆ చివర మట్టి చూశాను. మామ మడమల గుంటలు రెండు ఉన్నాయి. వాటికి కాస్త ముందు ఇంకో రెండు ఉన్నాయి. మొన్నమొన్నటిదాకా అవి ఏనుగు పాదమంత ఉన్నాయని చెప్పేవాణ్ణి. కాదు. నా మడమ కన్నా ఒక వేలు వెడల్పు ఎక్కువ. పోటీల నాటి గుంటలై ఉంటాయని మామ అన్నాడు. కావచ్చు. కానీ అప్పటికి నెల దాటింది, నడుమ రెండు వానలు పడ్డాయి, పైగా మా వాళ్ళు పడుగు అయ్యాక రోజూ ఆ మట్టి చదును చేసేవారు.

గాలి ఎత్తి పట్టిందనుకుందామా? గాలి రాదనే కదా అక్కడ చాపింది. తడి దారాలు బిగుసుకుని నిలిచాయనుకుందామా? ఆ తరువాత ముప్పై ఏళ్ళు నేను పడుగులు చాపాను, వదిలేసిన తాడు ఒక్కసారి కూడా నిలవలేదు. నిజం చెప్పాలంటే, ఎవరూ లేనప్పుడు నేను కావాలని వదిలి చూశాను. రెండు పడుగులు పాడయ్యాయి, నాగమ్మ నాతో వారం మాట్లాడలేదు. గిర్దావరుకు చూపు తక్కువనుకుందామా? ఆయన నా పడుగులో తెగిన పోగును పది అడుగుల నుంచి చూపించాడు.

దయ్యాన్ని తయారుచేసినవాణ్ణి నేను. కుండ ఎంత పెద్దది కావాలో, ఎక్కడ నిలబడి అరవాలో నాకు తెలుసు. ఇది నా పనితనం కాదు. ఎవరిదో నాకు ఈనాటికీ తెలియదు.

ఈ సంగతి ఆ మధ్యాహ్నానికే వాడంతా పాకింది. ఇక ఒక్కరూ గోదా ముఖం చూడరని గుండె పట్టుకుని కూర్చున్నాను. మర్నాడు తెల్లవారకముందే మా ఇంటి ముందు నుంచి గంజి కుండల చప్పుడు వినిపించింది. తలుపు తీస్తే వాడ వాడంతా పడుగులు భుజాన వేసుకుని గోదా దారిలో పోతోంది.

“ఏంది, దయ్యం భయం లేదా?” అని అడిగాను.

అందరికన్నా ఎక్కువ భయపడిన ఎల్లప్ప వెనక్కి తిరగకుండానే చెప్పాడు. “పడుగు పట్టే దయ్యమైతే భయమెందుకన్నా? మా ఇంట్ల మనుషులు తక్కువున్నరు. జర జరుగు, ముందుగాల నేను పోయి ఆ పడమటి చివర దొరకబట్టాలె.”