దున్నింది దేవుడని రాశాను

సహోదరులారా, కొందరిని దేవుడు తాగుడు నుంచి విడిపించాడు, కొందరిని రోగం నుంచి. నన్ను నా కలం నుంచే విడిపించాడు! పాస్టరు కాకముందు నేను పినపాకలో ఇరవై ఏళ్లు విలేకరిగా పనిచేశాను, ఏది జరిగినా చీకటి పడేలోగా దానికో కారణం రాసి పంపాలి, ఆ అలవాటు నాతోపాటే సంఘ పత్రికలోకీ వచ్చింది, ఇక్కడ దేవుని తరఫున కారణాలు రాయడం మొదలుపెట్టాను.

రాష్ట్ర సరిహద్దు అవతల అడవిలో పోలీసులకూ నక్సలైట్లకూ మధ్య పోరు ముదిరి, రెండు వైపుల తుపాకులకూ భయపడిన కోయ కుటుంబాలు మా వైపు వచ్చి గుడిసెలు వేసుకున్నాయి, పిల్లలు బడికి వెళ్లారు, ఆడవాళ్లు మిరప తోటల్లో కూలికి కుదిరారు, కొందరు మా ఆరాధనకూ వచ్చారు. అది చూసి పొంగిపోయి, 'యుద్ధం దేవుడు పట్టిన నాగలి, అడవిని దున్ని ఈ ఆత్మలను మన దగ్గరికి తెచ్చాడు' అని రాశాను, ఆదివారం దాన్నే చదివి వినిపించాను.

వెనక వరుసలో జోగమ్మ లేచింది. ఆరేళ్ల కూతురితో అడవి దాటుతూ, దారిలోనే జ్వరానికి ఆ పాపను పోగొట్టుకున్న తల్లి.

"అయ్యగారూ, నాగలి దేవునిదైతే, నా బిడ్డ దాని కింద పడుతుంటే చూసుకుంటనే దున్నిండా?"

ఆమె వెళ్లిపోయింది, తర్వాతి ఆదివారాలూ రాలేదు.

"ఏందయ్యా, ఎందుకు దున్నిండో దేవుడు నీకు ఫోన్ గిట్ల చేసి చెప్పిండా? పేపరోళ్ల బుద్ధి ఇంకా పోలే!" అంది నా భార్య.

మూడు వారాలు ప్రసంగాలు చేశాను గానీ ప్రార్థించలేకపోయాను, మోకరిస్తే జోగమ్మ ప్రశ్నే వినబడేది. చివరికి ఒక ఉదయం నోరు తెరుచుకుంది: "తండ్రీ, నువ్వు చెప్పని మాట నీ పేరు మీద అచ్చు వేశాను, ఆ తల్లిని నీ సన్నిధి నుంచి తరిమింది నేనే, నన్ను క్షమించు, ఆమెను మాత్రం విడిచిపెట్టకు!"

ఆ పూటే పత్రికకు ఒక సవరణ రాసుకుని ఆమె గుడిసెకు వెళ్లి చదివి వినిపించాను. ఇప్పపూలు ఆరబోస్తూ విన్నది.

"తప్పు రాసిన అంటే సరిపాయెనా? నా బిడ్డ పేరేది అండ్ల? సుక్కి. సుక్కి అని రాయుండ్రి."

రాశాను. 'సుక్కిని చంపింది దేవుడు కాదు. ఆ పాప ఎందుకు చనిపోవలసి వచ్చిందో నాకు తెలియదు.' మొదటి పేజీలోనే వేసి, ఆదివారం చదువుతుండగా జోగమ్మ లోపలికి వచ్చింది, ఎవరూ పిలవకుండానే ముందుకు నడిచి తన భాషలో తానే ప్రార్థించింది, అందులో మాకు అర్థమైన మాట సుక్కి ఒక్కటే, అది వినగానే సంఘమంతా ఏడ్చింది.

దేవునికే మహిమ, సహోదరులారా, ఆమెను ఆయన విడిచిపెట్టలేదు! పోరు ఎందుకని ఎవరైనా అడిగితే ఇప్పుడు తెలియదంటాను, అలా అనగలగడమే నా విడుదల. మీ దుఃఖానికి నాలాంటి బోధకుడు ఎవరో కారణం చెప్పినందుకు మీరు దేవునికి దూరమై ఉంటే, ఆ కారణాన్ని నమ్మకండి, ఆయన్ని నమ్మి రండి.