ట్రే అంచున గుచ్చిన సూది

మా పిన్ని ఒక క్యాంటీన్‌లో పదకొండేళ్లు వండినవాటిని త్వరగా చల్లార్చే బ్లాస్ట్ చిల్లర్ మిషన్ చూసుకుంది. పొయ్యి మీంచి దించిన కూరను ట్రేల్లో పలచగా పరిచి, వేడి కొలిచే సూదిని నడిమధ్యన గుచ్చి, గంటన్నరలోపు మూడు డిగ్రీలకు చల్లార్చేది.

ఒకరోజు వంటల పెద్దమేస్త్రి తొందరపడి ట్రేల నిండా కూర పోసి, సూదిని అంచున గుచ్చాడు. అంచు ముందే చల్లారుతుంది కాబట్టి కూరంతా చల్లారిందని మిషన్ కూత పెట్టింది. మధ్యలో వేడి అలాగే ఉండిపోయి పాడైన ఆ కూర మర్నాడు తిని ముప్పైమంది వాంతులతో మంచం పట్టారు.

"చిల్లర్ ఆవిడదే కదా సార్" అని మేస్త్రి మేనేజరు దగ్గర చేతులు దులుపుకున్నాడు. పిన్ని ఉద్యోగం పోయింది.

చదువు మానేసిన నేను అక్కడే గిన్నెలు తోమడానికి చేరాను. ఎవరి పిల్లనో ఎవరికీ చెప్పలేదు. ఎనిమిది నెలలు తలెత్తకుండా మేస్త్రి చేతులే చూశాను. ఆయన అలవాటు మారలేదు.

తనిఖీ అధికారి వచ్చిన రోజు మిషన్ కూసింది.

"చూశారా సార్, మూడు డిగ్రీలు!" అన్నాడు మేస్త్రి.

"సార్, సూది మధ్యలో గుచ్చి చూడండి" అన్నాను.

"నీకెందుకే? నోరు మూసుకుని గిన్నెలు తోముకో!"

అధికారి గుచ్చాడు. నలభై ఒకటి.

"ఎవరే నువ్వు?" అన్నాడు మేస్త్రి.

"మీరు వెళ్లగొట్టించిన ఆవిడ అక్క కూతుర్ని."

వారం తిరక్కుండా ఆయన్ని పంపేశారు. మేనేజరు పిన్నిని రమ్మని కబురు పెట్టాడు. పిన్ని ఆ కబురు పక్కనపెట్టి నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"అదంతా తర్వాత. వాడు మొహం ఎలా పెట్టాడో ఇంకోసారి చెప్పవే!"