అద్దం మీది బొట్టు

బొగ్గు పొగ వాసన తగిలితే చాలామందికి చిన్ననాటి రైలు ప్రయాణాలు గుర్తొస్తాయి. నాకు మాత్రం తల వంగిపోతుంది. మొన్న పాత ఆవిరి రైళ్లను ఫొటోలు తీయడానికి కొండల్లోకి వెళ్లినప్పుడూ అంతే. అందరూ ఇంజను కూత కోసం కెమెరాలు ఎత్తి ఎదురుచూస్తుంటే, నేను సత్తయ్య గారిని తలుచుకుంటూ శుభ్రంగా ఉన్న కెమెరా అద్దాన్నే మళ్లీ తుడుస్తున్నాను.

అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో ఉండేది ఆయన ఫొటో స్టూడియో. కోచింగ్ పిల్లల పాస్‌పోర్టు ఫొటోలతోనే రోజు గడిచేది. కాకినాడ నుంచి వచ్చి పనికి చేరిన నాకు కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే. అద్దాన్ని ఏ గుడ్డతో పడితే ఆ గుడ్డతో తుడిస్తే ఊరుకునేవారు కాదు. "కంట్ల బట్ట వెట్టి రుద్దుకుంటవా బిడ్డా?" అనేవారు. ఆయుధ పూజనాడు మాత్రం నూనెలో కలిపిన కుంకుమతో ఆ అద్దానికే బొట్టు పెట్టి, మర్నాడు ఓపికగా శుభ్రం చేసుకునేవారు.

ఒక ఏడాది ఆ మర్నాడే, పర్యాటకుల కోసం ఒక పాత ఆవిరి ఇంజనును ఒక్కరోజు నడిపారు. బల్కంపేటలో ఉండే నర్సింహ గారు ఒకప్పుడు దాని డ్రైవరు. దాని పక్కన ఆయనకు ఒక్క ఫొటో కూడా లేదు. పక్షవాతం వచ్చిన ఆయన్ని కూతురు చక్రాల కుర్చీలో తీసుకొచ్చి, ఫొటో పని మాకు అప్పగించింది. ఆయన పంతం పట్టి, ఇంజను కడ్డీ పట్టుకుని లేచి నిలబడ్డారు. ఆ పొద్దున ఆలస్యమవుతోందని సత్తయ్య గారు బొట్టును కండువాతో తుడిచేశారు. ఎండలో కెమెరా తెర సరిగ్గా కనిపించలేదు. మసకంతా ఆవిరే అనుకున్నాం.

స్టూడియోకి వచ్చి కంప్యూటర్లో చూస్తే, పొగ లేనిచోట తీసిన ప్లాట్‌ఫారం గడియారం మీదా అదే మసక. ఏ ఫొటోలోనూ పెద్దాయన ముఖం తేటగా లేదు.

ఉన్నవాటిలో మంచిది పట్టుకుని బల్కంపేట వెళ్లాం. కూతురు మంచినీళ్లు ఇచ్చింది. సత్తయ్య గారు గ్లాసు ముట్టుకోలేదు.

ఆమె ఫొటో చూసి, "పొగ గదా అన్నా, మసకగనే వస్తది తియ్," అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"పొగ కాదు చెల్లె," అన్నారాయన. "బొట్టు వెట్టిన అద్దం మంచిగ తుడవలే. తప్పు నాదే."

ఆమె గొంతు మారిపోయింది. "మా నాయన మళ్ల నిలవడతడా? ఆ బండి మళ్ల వస్తదా?"

నోరు మూసుకుని ఉంటే ఏం పోయేదని సత్తయ్య గారి మీద నాకు కోపం వచ్చింది. ఆ కోపం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే సిగ్గేస్తుంది.

నర్సింహ గారు ఫొటో చూశారు. "నీళ్లు తాగు సత్తయ్యా," అన్నారు. "గిది మాత్రం నువ్వే తీస్కపో."

సత్తయ్య గారు దాన్ని స్టూడియోలో అందరికీ కనిపించేలా తగిలించారు. పొగ బాగా పడిందని ఎవరైనా మెచ్చుకుంటే, "పొగ కాదు, నా తప్పు," అనేవారు. స్టూడియో మూసేసిన రోజు దాన్ని నా చేతికిచ్చారు.

ఇప్పుడది పంజాగుట్టలో నా స్టూడియో గోడ మీద ఉంది. వచ్చినవాళ్లు పొగను మెచ్చుకుంటూనే ఉంటారు. పొగ కాదని చెప్పడానికి ప్రతిసారీ నాకు కాస్త సమయం పడుతుంది. సత్తయ్య గారికి ఆ సమయం పట్టేది కాదు.