కట్టుమరమ్స్‌కి మణియమ్మ కట్టిన పట్టీలు

మణియమ్మ గుసగుసలాడినా ముదలియార్‌పేటలో నాలుగిళ్ళకు వినబడేది. అందులో ఆమె తప్పేం లేదు. పెళ్ళికి ముందునుంచీ బట్టల మిల్లులో కండెలు చుట్టే సెక్షన్లో పని. ఆ మిషన్ల హోరులో పక్కమనిషిని మంచినీళ్ళడగాలన్నా గొంతు చించుకోవాల్సిందే. పొద్దుగూకేసరికి జుట్టుకంటిన దూదితో పాటు ఆ గొంతు కూడా ఇంటికొచ్చేది. మొగుడు శివలింగం అడిగినదానికి కూడా సగమే జవాబు చెప్పే మనిషి కాబట్టి కాపురం ఏ గొడవా లేకుండా సాగిపోయింది.

తాతల నాడు మగ్గం పని వెతుక్కుంటూ పుదుచ్చేరి వచ్చి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్ళది. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కాకపోతే అందులో సగానికి సగం అరవం. తల్లి పోయేనాటికి తమ్ముడు తిరుమలై ఇంకా జారిపోయే నిక్కరు పట్టుకుని తిరిగే పిల్లాడు. వాణ్ణి సాకింది మణియమ్మే. అన్నం పెడితే ముందు కంచం మీద దరువేసి ఆ తర్వాత తినేవాడు. బిందె, తలుపు, నిద్రపోతున్న బావ వీపు, దేన్నీ వదల్లేదు. మీసాలొచ్చేసరికి ఎక్కడినుంచో ఒక సైడ్ డ్రమ్ము సంపాదించి, గిటార్లు పట్టిన మరో ముగ్గురు కుర్రాళ్ళతో కలిసి పాప్ బ్యాండు పెట్టాడు. దాని పేరు కట్టుమరమ్స్. చేపలు పట్టే తెప్పకి ఇంగ్లీషు తోక తగిలిస్తే మద్రాసువాళ్ళు సైతం నోరెళ్ళబెడతారని వాళ్ళ నమ్మకం.

మద్రాసు దాకా ఎందుకు, ఊళ్ళోవాళ్ళే నోళ్ళు తెరిచారు, కాకపోతే వెక్కిరించడానికి. 1983లో, పొంగల్ వెళ్ళాక, టౌన్లో ఒక హాల్లో వీళ్ళు మొదటిసారి వాయించారు. రెండో పాటకే వెనక వరసల్లో పిల్లికూతలు మొదలయ్యాయి. తిరుమలై చేతిలో కర్ర జారి స్టేజీ కిందికి దొర్లింది. దాన్ని తీసిద్దామని ఒక్కడూ లేవలేదు. మణియమ్మ ఆ పూట షిఫ్టులో ఉండిపోయింది గాని, అక్కడే ఉంటే ఆ కర్ర ఎవరి నెత్తిన మోగేదో చెప్పలేం. ఆనాటి నుంచి వాడు జనం ముందు తలెత్తడం మానేశాడు. ప్రాక్టీసులో కూడా తన కాలివేళ్ళు చూసుకుంటూ వాయించేవాడు.

ఆడి నెలలో, అంటే ఇంచుమించు మన ఆషాఢంలో, ఇంకో అవకాశం వచ్చింది. సముద్రానికి దగ్గర్లో ఉన్న మైదానంలో ఆదివారం సాయంత్రం మద్రాసు నుంచి పేరున్న పాప్ బృందం వస్తోంది. వాళ్ళ కంటే ముందు ఓ అరగంట కట్టుమరమ్స్‌కి ఇస్తామన్నారు. ఇంకొకడైతే ఎగిరి గంతేసేవాడు. తిరుమలై మాత్రం అన్నం కలుపుతూ అక్కతో ఒకే మాట అన్నాడు.

“ఇదే కడసారి అక్కా. ఈతూరి కూడా అట్నే అయితే డ్రమ్ము అటకెక్కించి నీతోపాటు మిల్లుకొస్తా.”

మణియమ్మ ఇంకో గరిటెడు పులుసు వాడి కంచంలో వంచింది. తన ఊపిరితిత్తుల్లోకి ఎంత దూది పోయిందో తెల్లవారుజామున దగ్గు తెరలు తెరలుగా వచ్చినప్పుడు ఆమెకే తెలుసు. తన ఒంటికి రాసిపెట్టి ఉంది, సరే. వాడు మాత్రం ఆ మిల్లు గేట్లోకి అడుగు పెట్టకూడదు. అందుకోసమే ఇన్నేళ్ళూ ఆ గేటు దాటి లోపలికి పోయిందామె.

మద్రాసు బృందం అభిమానులు వాళ్ళ పేరు అచ్చేసిన బనియన్లు, చేతులకి రంగు పట్టీలు వేసుకుని లారీల్లో దిగుతారట. కట్టుమరమ్స్‌కి అలాంటివాళ్ళు ఎక్కడున్నారని తిరుమలై దిగులు. లేకపోతే తయారు చేసుకుందాం, అదేమన్నా పెద్ద పనా అంది మణియమ్మ. మర్నాడు మిల్లులో మిషన్ల హోరును మించిన గొంతుతో కండెల సెక్షన్ మొత్తానికీ చెప్పింది, ఆదివారం అందరూ కచేరీకి రావాలని. పాప్ కచేరీ అంటే ఏంటో వాళ్ళలో ఎవరికీ తెలీదు. మణియమ్మ పిలిచింది కాబట్టి సీమంతమో చెవులు కుట్టడమో అయినట్టు అందరూ సరేనన్నారు.

బనియన్ల సంగతి దగ్గర మాత్రం తిరుమలైకీ ఆమెకీ పేచీ వచ్చింది. అభిమానులంటే బనియన్లే వేసుకోవాలని వాడు. “బనియను తొడుక్కొని మా సెంగమలం వీధిలోకొస్తాదా? చొక్కా అయితే వస్తాది,” అని ఆమె తేల్చేసింది. అదీ నిజమే. పనికి పోయే ఆడవాళ్ళు చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కోవడం అక్కడ మామూలు. పక్క మిషను మీద పనిచేసే సెంగమలం అయితే చొక్కా లేకుండా ఉంటే ఎవరూ గుర్తుపట్టరు. అలా ముదలియార్‌పేట మగవాళ్ళ ట్రంకు పెట్టెల్లోంచి తెల్ల చొక్కాలన్నీ మణియమ్మ అరుగు మీదికి చేరాయి. శివలింగం తనకున్న రెండూ ఇచ్చేసి, అడక్కుండానే లుంగీ మీద తుండుగుడ్డ కప్పుకుని తిరిగాడు.

ముగ్గు వేయడానికి చిల్లుల రేకు వాడతారు కదా, నేల మీద పెట్టి పిండి రాస్తే చుక్కలన్నీ ఒక్కసారిగా పడతాయి. మణియమ్మ పాత డబ్బా మూత ఒకటి సాగగొట్టి, మేకుతో చిల్లులు పొడిచి, మూడు దుంగలు తాళ్ళతో కట్టిన తెప్ప బొమ్మ దించింది. గంజిలో ఎర్రరంగు చిక్కగా కలిపి, గుడ్డతో రేకు మీద అద్దితే చొక్కా వీపు మీద తెప్ప తేలింది. మొదటి దాని మీద పడింది తెప్పో తేలో తెలీలేదు. నాలుగో చొక్కాకి చెయ్యి కుదిరింది.

చేతిపట్టీలకి మిల్లులో చెత్తబుట్టల్లో పారేసే దారం ముక్కలున్నాయి. మేస్త్రినడిగి సంచీడు తెచ్చుకుంది. వాటిని గుత్తులుగా కత్తిరించి, మల్లెపూలు కట్టినట్టే రెండువేళ్ళ మధ్య దారం మెలేసి వరసగా ముడులు బిగిస్తూ పోయింది. చేతికి చుట్టుకుంటే నిండుగా చిన్న పూలదండలా ఉంది. తెల్లగా ఉంటే సాయంత్రం వెలుతుర్లో ఆనదని పసుపుపచ్చ రంగు వేయాలనుకుంది. వంటింట్లో పసుపుండగా రంగు వెతకడం దేనికని అన్నింటినీ పసుపునీళ్ళలో ముంచి తీగ మీద ఆరేసింది.

ఇక్కడే ఆమె పప్పులో కాలేసింది. ఆ రోజు అమ్మవారికి ప్రీతైన ఆడి నెల శుక్రవారం. వీధి మారియమ్మ గుళ్ళో ఆ పొద్దున్నే జాతరకి కాప్పు కట్టారు, అంటే పూజారి భక్తుల చేతులకి పసుపు కంకణాలు కట్టాడు. కొత్తగా ఏది చేసినా, చివరికి కొత్త చీపురు కొన్నా, ముందు అమ్మ దగ్గర పెట్టి తీయడం మణియమ్మకి అలవాటు. ఆ అలవాటు కొద్దీ పట్టీల బుట్ట కూడా గుళ్ళో పెట్టి, కర్పూరం వెలిగించి, తెచ్చి అందరికీ తానే కట్టింది. సెంగమలం చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుని మురిసిపోయింది.

శనివారం కొళాయి దగ్గర పూంగావనం అవ్వ కంట పడింది ఆ చెయ్యి. ఆ వీధిలో ఎవరు ఏ మొక్కు తీర్చలేదో అవ్వకి తెలిసినంతగా అమ్మవారికి కూడా తెలీదు. ఆమె బిందె కింద పెట్టి సెంగమలం మణికట్టు పట్టుకుంది.

“ఏందే ఇది? అమ్మ కాడ పెట్టిన పసుపు దారం ఆడి శుక్రవారం చేతికి పడితే అది కాప్పే. మళ్ళా శుక్రవారం జాతర ముగిసేదాకా తియ్యకూడదు, ఎల్ల దాటకూడదు. మీరంతా యాడికో పోతారంట గదా?”

అమ్మవారి ఎల్ల, అంటే పొలిమేర, రైల్వే గేటు. మిల్లు దానికి ఇవతలే గాని, మైదానం ఉన్నది గేటుకి అవతల.

పొద్దుగూకేలోగా కబురు ఇంటింటికీ పాకింది. చొక్కాలు మడతపెట్టి తెచ్చిచ్చేసినవాళ్ళు కొందరు, కంటపడకుండా తప్పుకున్నవాళ్ళు కొందరు. సెంగమలం వచ్చి నిలబడి ఏడ్చింది, అందరిలోకీ రావాలని ఉన్నది తనకే. మణియమ్మ కత్తెర తీసి తన పట్టీ కింద దూర్చింది గాని చెయ్యి కదల్లేదు. ఆమెకీ ఆ అమ్మంటే భయమే. తమ్ముడి కోసం జనాన్ని పోగేద్దామని పోయి, వచ్చేవాళ్ళని కూడా తన చేత్తోనే కట్టిపడేసింది. తన మీద తనకి వచ్చిన కోపం చాలక ఆ పూట శివలింగం మీద కూడా కొంచెం చూపించింది. తిరుమలై మాత్రం పోనీలే అక్కా అన్నాడు. ఆ మాటే ఆమెను మరీ కాల్చింది, ఎందుకంటే వాడి గొంతులో కొంచెం హాయి వినబడింది. వాయించకుండా తప్పించుకోవడానికి వాడికో సాకు దొరికిపోయింది.

ఆదివారం పొద్దున్నే ఆమె పూంగావనం అవ్వ గుమ్మంలో కూర్చుంది. పోట్లాడడానికి కాదు, అడగడానికి. అవ్వతో పోట్లాడి గెలిచినవాళ్ళు లేరు గాని, అడిగితే మాత్రం ఆమె కరిగిపోతుంది.

“కాప్పు కట్టినోళ్ళు ఎల్ల దాటనే దాటరా అవ్వా? మరి అమ్మ స్నానానికి సముద్రం నీళ్ళు తెచ్చేది ఎవరు?”

అవ్వ ఆకు నములుతూ ఆలోచించింది. తెచ్చేది వాళ్ళేనంది. ముందు మేళం పోతుంది, వెనక వాళ్ళు పోతారు, మేళం ఉంటే అమ్మ తోడున్నట్టే. రాత్రికి వెనక్కొచ్చి ఎల్ల లోపలే పడుకోవాలి. ఒక్కటే కట్టుబాటు, మేళం నడుమలో ఆగకూడదు. ఆగితే ఆగిన చోటునుంచే తిరిగి రావాలి.

“మేళమంటే ఏ మేళమైనా ఒకటేనా?”

“తోలు మీద కర్ర పడితే మేళమే.” అవ్వ ఆకు ఉమ్మేసి లేచింది. “ఉత్త చేతుల్తో పోగూడదు. నేను బిందె తీసుకొస్తా పద.”

తిరుమలై ససేమిరా అన్నాడు. వీధిలో, అందరి ముందర, గుడి నుంచి మైదానం దాకా ఆపకుండా వాయించడం తన వల్ల కాదన్నాడు. నువ్వు వాయిస్తేనే వీళ్ళు కదులుతారు, లేకపోతే రేపు మిల్లుకి నాతో పద అని మణియమ్మ డ్రమ్ము తెచ్చి వాడి భుజానికి తగిలించింది. ఆ మాట అన్నాక వాడి మొహం చూడలేక డ్రమ్ము వారు బిగించే పనిలో పడింది.

ఎండ చల్లబడ్డాక గుడి ముందర మొదలైంది. తల వంచుకునే మొదలుపెట్టాడు. వెనక అవ్వ, ఇత్తడి బిందె చంకన, చీర మీద శివలింగం చొక్కాతో. ఆమె వెనక సెంగమలం, ఆ వెనక కండెల సెక్షన్ మొత్తం, వీపుల మీద ఎర్ర తెప్పలతో. తలొంచుకుని నడిస్తే సైకిళ్ళకి గుద్దుకుంటాడు కాబట్టి బజారు వీధికొచ్చేసరికి తిరుమలైకి తలెత్తక తప్పలేదు. ఎత్తి చూస్తే జనం దారి ఇస్తున్నారు. కొందరు చెప్పులు విడిచి దండం పెట్టారు, అవ్వ వాళ్ళందరికీ హుందాగా తల పంకించింది.

రైల్వే గేటు వేసి ఉంది. విల్లుపురం బండి ఎంతకీ రాలేదు. మేళం ఆగితే అంతే, అక్కడినుంచే ఇంటికి. తిరుమలై చేతులు నొప్పులు పుట్టి దరువు పలచబడింది. అప్పుడు సెంగమలం నాలుక ఆడించి కులవ పెట్టింది, అమ్మ ఊరేగింపులో ఆడవాళ్ళు పెట్టే కూత. అందరూ అందుకున్నారు. వాడు వెనక్కి తిరిగి వాళ్ళందరి మొహాలూ చూశాడు, నవ్వాడు, దరువు మార్చి రెట్టింపు చేశాడు. గేటు దగ్గర ఆగిన రిక్షావాళ్ళు బెల్లులతో కలిపారు. బండి పోయి గేటు లేచేసరికి వెనక నడుస్తున్నవాళ్ళలో తెప్ప చొక్కాలు లేనివాళ్ళే ఎక్కువయ్యారు. ఇదేం ఊరేగింపో వాళ్ళకి తెలీదు, బాగుందని వచ్చారు.

అలా ఆ దండంతా మైదానంలోకి దిగింది. మద్రాసు బనియన్ల కుర్రకారు లేచి నిలబడి చూశారు. ఎవరు అడ్డుకుంటారు? ముందర బిందె పట్టుకున్న అవ్వ ఉంది. ఆమె నేరుగా పోయి మొదటి వరస మధ్య కుర్చీలో బిందెని కూర్చోబెట్టి, పక్క కుర్చీలో తాను కూర్చుంది.

తిరుమలై మేళం ఆపకుండానే స్టేజీ మెట్లెక్కాడు. గిటార్ల కుర్రాళ్ళు ఆ దరువునే పట్టుకుని పాట ఎత్తుకున్నారు. చప్పట్లు ఎక్కడ కొట్టాలో తెలియని ఆడవాళ్ళు తెలిసిన పనే చేశారు, దరువు మలుపు తిరిగినప్పుడల్లా కులవ పెట్టారు. వెనక ఎవడో పిల్లికూత కూయబోతే అది ఈ కూతలో కలిసి బ్యాండుకే పనికొచ్చింది. మూడో పాటకి మద్రాసు బనియన్లు కూడా కుర్చీలెక్కి ఊగుతున్నాయి. అరగంట అయిపోయింది, నిర్వాహకుడు చెయ్యి ఊపాడు. జనం ఒప్పుకోలేదు. ఇంకొకటి, ఇంకొకటి అని మైదానం మైదానమే అరిచింది.

మణియమ్మ వెనక్కి తిరిగి చూసింది. తాను చొక్కా ఇవ్వనివాళ్ళు, పట్టీ కట్టనివాళ్ళు, పేరూ ఊరూ తెలియనివాళ్ళు, వందల మంది. వీళ్ళెవరినీ తాను పిలుచుకు రాలేదు. వీళ్ళు వాడి జనం. ఆమె సెంగమలం భుజం పట్టుకుని ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది, అంత సంతోషం తన ఒంట్లో పడుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఆ రాత్రి అదే మేళంతో, సముద్రం నీళ్ళ బిందెతో అందరూ ఎల్ల లోపలికి తిరిగొచ్చారు. కట్టుమరమ్స్ మద్రాసుని జయించిందేమీ లేదు. కాకపోతే తర్వాత చాలా ఏళ్ళు మేట్టుపాళయం ఫ్యాక్టరీ సంబరాలకీ, కాలేజీ వేడుకలకీ, కడలూరు దాకా పెళ్ళిళ్ళకీ తిరుమలై డ్రమ్ము మోగుతూనే ఉంది. వాడి ఇల్లు దానిమీదే నిలబడింది.

సోమవారం పొద్దున మిల్లు సైరను కూసింది. మణియమ్మ టిఫిను క్యారియరు పట్టుకుని బయల్దేరింది. తిరుమలై బోర్లా పడుకుని ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు. ఆమె కాసేపు వాణ్ణి చూసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి, ఒక్కతే మిల్లుకి నడిచింది.