సుగుణమ్మ గారు వెనకనుంచి పిలవరు

తిరుపతిలో చలి మొదలయ్యాక కూరగాయల అంగళ్ల ముందు చిక్కుడు జాతి అనపకాయలు రాశులు పోస్తారు. నిన్న ఒక సంచెడు తెచ్చి వలుస్తుంటే ఆ పచ్చివాసన వేళ్లకు పట్టుకుంది. సబ్బుతో కడిగినా పోలేదు. గింజలు నానబెట్టి, ఒక్కొక్కటీ వేళ్ల మధ్య నొక్కి తోలు జార్చి, పితికిపప్పు చేసుకోవడం మా చిత్తూరు జిల్లాలో చలికాలపు పని. ఒంటరిగా చేస్తే విసుగు. నలుగురు కూర్చుంటే ఎంత పనైనా కబుర్లలోనే అయిపోతుంది. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు మేరీ సుగుణమ్మ గారి వసారా గుర్తుకొస్తుంది.

డెబ్బైల చివర్లో, తిరుపతికీ చిత్తూరుకీ నడుమ ఒక చిన్న ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో నేను ఆపరేటరుని. అప్పట్లో వేరే ఊరికి మాట్లాడాలంటే మాకు చెప్పి ట్రంకుకాల్ బుక్ చేసుకునేవారు. మేము ఒక చెవికి హెడ్‌ఫోను తగిలించుకుని, ఎదురుగా ఉన్న బోర్డులో తీగలు గుచ్చి రెండు ఊళ్లను కలిపేవాళ్లం. బోర్డు ముందు మేమంతా వరసగా కూర్చుంటే, మా వీపుల వెనక సూపర్‌వైజరు బల్ల ఉండేది. సుగుణమ్మ గారికి ముందున్నాయన ఆ బల్ల దగ్గర్నుంచే పేర్లు పెట్టి అరిచేవాడు. పలకడం ఆలస్యమైతే పొగరు అనేవాడు.

ఆయన రిటైరయ్యాక మదనపల్లె నుంచి సుగుణమ్మ గారు వచ్చారు. మొదటిరోజు ఆమె బల్ల దగ్గరికే పోలేదు. ఒక్కొక్కరి పక్కనా కాసేపు నిలబడి, “పొద్దున ఏం తింటివమ్మా?” అని అడిగారు. మర్యాదకు అడిగారనుకున్నాం. మర్నాడు నా దగ్గరికి వచ్చి, “నిన్న ఏమీ తినలేదంటివే, ఈపొద్దన్నా తింటివా?” అన్నారు. నేను తెల్లబోయాను. ఇన్ని మాటలు గుర్తుపెట్టుకుని ఈవిడ ఏం చేసుకుంటుంది అనిపించింది. అప్పట్నుంచి ఆమెను గమనించడం నాకొక అలవాటైంది.

నా పక్క కుర్చీలో నాగవేణి కూర్చునేది. తక్కువ మాటలు, చురుకైన చేతులు. ఆమె జీతం మీదే తల్లీ, చదువుకునే తమ్ముడూ బతుకుతున్నారు. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. మా వైపు ఊళ్లలో సగం పేర్లు ‘ఊరు’తోనే ముగుస్తాయి. నాగవేణి గూడూరు అంటే పుత్తూరు కలిపేది, పుత్తూరు అంటే చిత్తూరు కలిపేది. ఒకసారి గూడూరు మండీలో నిమ్మకాయల ధర కనుక్కోవాలనుకున్న వ్యాపారికి, పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్లు కట్టే ఒకరింటికి లైను కలిసింది. అవతలివాళ్లు “చెయ్యా, కాలా?” అని అడిగారట. మేం నవ్వుకున్నాం గానీ, ఆ వ్యాపారి నవ్వలేదు. ఫిర్యాదులు పెరిగాయి. ఒకరోజు పై ఆఫీసరు సుగుణమ్మ గారికి ఫోను చేశారు. ఆ కాల్ కలిపింది నేనే. ఆమె గొంతు మాత్రం వెనక బల్ల నుంచి వినిపించింది. “ఈ పనికి తగదని రాసిమ్మంటే ఎట్లా సార్? కొంచెం గడువియ్యండి. ఆ అమ్మాయిని నేనింకా సరిగ్గా చూడనే లేదు.”

రోజూ కళ్లెదురుగా ఉన్న మనిషిని ఇంకా చూడకపోవడమేమిటో నాకు అర్థం కాలేదు.

ఆ ఆదివారం, డ్యూటీ లేనివాళ్లందరినీ ఆమె తన ఇంటికి రమ్మన్నారు. వసారాలో చాప, మధ్యలో గంగాళం, దాన్నిండా నానిన అనపగింజలు. “పనికి పిలిచినాననుకోవద్దండి, తిండికి పిలిచినా. కాకపోతే పప్పు మీరే పితుక్కోవల్ల” అన్నారు నవ్వుతూ. నాగవేణి చాపకు ఎడమ చివర కూర్చుంది. కాసేపటికి సుగుణమ్మ గారి తల్లి పీట లాక్కుని నాగవేణికి ఎడంపక్కన కూర్చుంది. “ఎవురి బిడ్డవు మే నువ్వు?” అని అడిగింది. నాగవేణి తల ఎత్తలేదు. ముసలామె మళ్లీ అడిగింది. నాగవేణి గింజలు నొక్కుతూనే ఉంది. సుగుణమ్మ గారి వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. “అమ్మా, నువ్వు ఈపక్కకొచ్చి కూసో, ఆడ ఎండ పడతాది” అని తల్లిని లేపి మా వైపుకు తెచ్చారు.

అక్కడ ఎండ లేదు. ఆ సంగతి నేను చూశాను. ఎందుకలా అన్నారో మాత్రం తెలియలేదు.

మర్నాడు ఎక్స్ఛేంజిలో ఆమె అందరికీ ఒక మాట చెప్పారు. “ఇంకమీద నేను ఎనకనుంచి ఎవుర్నీ పిలవను. ఏదైనా కావల్లంటే నేనే లేసి మీ ముందరికి వస్తా. మీరు కూడా హెడ్‌ఫోను ఏ చెవికి సుఖంగా ఉంటే ఆ చెవికి పెట్టుకోండి.” ఇదెందుకండీ అని నేను ఉండబట్టలేక అడిగాను. “వీపుతో మాట్లాడితే మనిషితో మాట్లాడినట్టుంటాదా సరళా?” అన్నారు. అన్న మాట ప్రకారం, రోజుకు ఎన్నిసార్లయినా సరే మోకాళ్ల నొప్పులతోనే లేచి వచ్చేవారు. కొన్నాళ్లకు నాగవేణి హెడ్‌ఫోను ఎడమ చెవి నుంచి కుడి చెవికి మారింది. ఊళ్లు తారుమారు కావడం ఆగిపోయింది.

అయినా ఆఫీసరు తనిఖీకి వచ్చారు. సుగుణమ్మ గారు కాఫీ తెప్పించేలోపే, మా వెనక నిలబడి, “నాగవేణి ఎవరు?” అన్నారు. నాగవేణి తిరగలేదు. “నిన్నే అమ్మాయ్” అని గొంతు పెంచారు. సుగుణమ్మ గారు నడిచి వచ్చి, నాగవేణికి కనబడేలా బోర్డు పక్కన నిలబడ్డారు. నాగవేణి ఆమె ముఖం చూసింది, తర్వాత వెనక్కి తిరిగి ఆఫీసరును చూసింది. హెడ్‌ఫోను తీసి ఒళ్లో పెట్టుకుంది.

“నాకు ఎడం చెవి సరిగ్గా వినపడదు సార్” అంది. “మంచి చెవికి ఇది పెట్టుకుంటే ఎనక పిలిచేది తెలీదు. పలకలేదని ముందుండిన సారు తిడతా ఉండ్రి. అందుకని వినపడని చెవికి పెట్టుకుంటా ఉంటిని. ఈ మేడం వచ్చినాకే మార్చుకున్యా.”

సుగుణమ్మ గారు నెమ్మదిగా, “ఈ పనికి కావల్సింది ఒక చెవే గదా సార్” అన్నారు. “ఆ చెవి బాగుండాది. ఈ మధ్య ఈ అమ్మాయి మీద ఒక్క ఫిర్యాదన్నా వచ్చిందేమో మీరే సెప్పండి.” ఆఫీసరు డాక్టరు సర్టిఫికెట్టు తెచ్చుకోమని నాగవేణికి చెప్పి, కాఫీ తాగి వెళ్లిపోయారు. ఆ మరుసటి ఏడాది నాగవేణి ఉద్యోగం పర్మినెంటయింది.

తనిఖీ జరిగిన రోజు సాయంత్రం బస్టాండు దాకా సుగుణమ్మ గారితో నడిచాను. “మీకు ముందే తెలుసు గదా. ఆ అమ్మాయినే నేరుగా అడిగుంటే అయిపోయేది గదా?” అన్నాను.

“అడిగితే చెవికేమీ లేదనేది. భయం గదా పాపం. ఒకసారి లేదనినాక, మళ్లీ ఉండాదని సెప్పుకోవడం మనిషికి శానా కష్టం. ఆ కష్టం నేనెందుకు పెట్టల్ల?” అన్నారు. బస్సు రాగానే ఎక్కి, కిటికీలోంచి, “ఇంటికి పోయి వేడిగా ఏమన్నా తిను” అన్నారు.

కొన్నాళ్లకు ఆమెను సూళ్లూరుపేటకు బదిలీ చేశారు. నేనూ తర్వాత సూపర్‌వైజరునయ్యాను, బోర్డులు పోయి యంత్రాలు రావడమూ చూశాను. నా కింద పనిచేసినవాళ్లలో ఆలస్యంగా వచ్చేవాళ్లు, విసుక్కునేవాళ్లు, ఉన్నట్టుండి మౌనమైపోయేవాళ్లు ఉండేవారు. వాళ్ల చేత ‘లేదు’ అనిపించే ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చేది. దాన్ని మింగి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చునేదాన్ని. కొందరు ఆ రోజే చెప్పేవారు, కొందరికి నెలలు పట్టేది. చెప్పకుండానే వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు. వాళ్ల మనసులో ఏముండిందో అని ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను.