అడిగితే రాని చంద్రవంక

పదకొండేళ్లుగా నా మెడ ఖాళీగా ఉంది. మెడలో ఏమీ లేని మగవాళ్లు ఊళ్లో నేనొక్కణ్ణే కాదు, ఒప్పుకుంటాను. కానీ వాళ్లెవరి పెళ్లామూ చంద్రవంకలు చెక్కదు. నా పెళ్లాం చెక్కుతుంది. అదీ నా ఏడుపు.

ఆవిడ పేరు ఎస్కోలాస్టికా. ఊరందరికీ తన్ తికా, అంటే తికా పెద్దమ్మ, నాకు ఉత్త తికా. గువామ్‌లో దక్షిణపు కొసన ఉన్న మా ఊళ్లో ఎవరి మెడలోనైనా పాలరంగు సినాహి, అంటే హిమా అనే పెద్ద సముద్రపు ఆల్చిప్పలోంచి కోసి తీసిన చంద్రవంక, వేలాడుతుంటే అది దాదాపు తికా చేతి పనే. ఇంటింటికీ వెళ్లి జపమాల చదివించే ఆవిడకి ఇచ్చింది. పిల్లలకి బేస్‌బాల్ నేర్పేవాడికి ఇచ్చింది. చివరికి కిన్‌కి కూడా ఇచ్చింది. కిన్ మా ఎదురింటివాడు, నా కోడిపుంజును తనదని చెప్పి ఏడేళ్లుగా తన పెరట్లో మేపుకుంటున్న ఘనుడు. తుపాను వెలిశాక ఎవరూ చెప్పకుండానే తొమ్మిది రోజులు తన రంపం పట్టుకుని తిరిగి, దారికి అడ్డంపడ్డ చెట్లన్నీ కోసిపారేశాడట. అందుకిచ్చింది.

"మరి నా పుంజు సంగతో?" అన్నాను.

"పుంజు లెక్క పుంజుదే, చెట్ల లెక్క చెట్లదే. రెండూ కలపకు" అంది.

తికా పుట్టుకతో చెక్కుడు పని నేర్చినది కాదు. ఇరవై ఆరేళ్లు పళ్ల డాక్టరు దగ్గర పనిచేసింది. ఊళ్లో సగం మంది దవడలు ఆమె చేతుల్లో వణికినవే. రిటైరైన ఏడాది మా రాజధాని హగాత్న్యాలో ఏదో ఉత్సవానికి వెళ్లి, తున్ సెగుండో అనే పెద్దాయన మెడలో చంద్రవంక చూసింది. మా అమ్మమ్మలుగానీ, వాళ్ల అమ్మమ్మలుగానీ వీటిని పెట్టుకుని ఎరగరు. స్పెయిన్ వాళ్లు వచ్చాక ఎప్పుడో మాయమై, రోడ్లకీ హోటళ్లకీ పునాదులు తవ్వుతుంటే మట్టిలోంచి మళ్లీ బయటపడ్డాయి. చంద్రుడే అంటారు కొందరు, కాదు పడవ అంటారు కొందరు. తికాకి ఆ గొడవ పట్టలేదు. ఆయన మెడలోది చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఇంత గరుగ్గా వదిలేశారేంటండీ? పన్ను ఇలా వదిలేస్తే మర్నాటికి నాలుక కోసుకుపోతుంది" అందట. ఆయన నవ్వి, "అయితే వచ్చి నువ్వే నునుపు చేసిపెట్టమ్మా" అన్నాడట.

ఏడాదిపాటు వారానికి మూడు రోజులు ఉత్తరాన ఆయన కొట్టానికి వెళ్లింది. ఆయన చిప్ప కోయడం నేర్పాడు, దానితో రెండు నియమాలు కూడా నేర్పాడు. తనకోసం తాను చెక్కుకోకూడదు. అడిగినవాడికి ఇవ్వకూడదు. నలుగురికీ మేలు చేసినవాడి మెడలో, నలుగురూ చూస్తుండగా వెయ్యాల్సింది అది. అడిగి తెచ్చుకుంటే ఉత్త చిప్పే.

ఈ రెండో నియమం నాకు ముందుగా చెప్పి ఉంటే బాగుపడేవాణ్ణి. తికా మొదటి చంద్రవంక పూర్తిచేసి, కడిగి, తువ్వాలుతో తుడిచి వెలుగుకి ఎత్తి పట్టుకున్న రోజున, మొగుణ్ణి కదా అని మురిసిపోతూ, "నాకేనా?" అన్నాను.

ఆవిడ మొహం వాడిపోయింది. "అయ్యో సిల్బినూ! అడిగేశావేంటి?"

"అడగకూడదా?"

"అడిగితే ఇవ్వకూడదు."

"సరే, అడగలేదనుకో."

"విన్నానుగా!"

అది చర్చి గంట కొట్టే ముసలాయన మెడలోకి వెళ్లింది. ఆయనకి చెవుడు. ఆయన ఏదీ అడగడు.

అప్పట్నుంచి నేను మంచివాణ్ణయిపోయాను. పండగకి బల్లలు మోశాను. చచ్చినవాళ్లింటికి బియ్యం బస్తాలు మోశాను. ఒంటరిగా ఉండే తన్ మారీనా రేకుల కప్పు మరమ్మతు చేస్తానని ఎక్కి, రేకుతో సహా వంటింట్లో పడ్డాను, ఉడుకుతున్న సీమపనస కుండకి జానెడు దూరంలో. తికా వచ్చి మోకాలికి కట్టు కడుతుంటే ఓరగా చూశాను.

"ఎవరూ అడక్కుండానే వెళ్లాను, తెలుసా?" అన్నాను.

"తెలుసు. మరి నా వంక ఎందుకలా చూస్తున్నావు?"

"చూడకూడదా?"

"చూడ్డం కూడా అడగడమే" అంది, కట్టు బిగించి లాగుతూ.

పదకొండో ఏట నా ఓపిక చచ్చిపోయింది. పక్క ఊళ్లో పెళ్లి. మనల్నెవరు గుర్తుపడతారులే, తికా ఎలాగూ ఆడవాళ్లతో వంటల దగ్గరే ఉంటుందిలే అని, ముందురోజు టూరిస్టుల దుకాణంలో దొంగచాటుగా ఒక చంద్రవంక కొనుక్కున్నాను. ప్లాస్టిక్‌ది. దూరం నుంచి చూస్తే అచ్చం హిమా చిప్పలాగే ఉంది. పెళ్లి పందిట్లో అడుగుపెట్టగానే ఇద్దరు పెద్దలు లేచి చోటిచ్చారు. జీవితంలో మొదటిసారి నాకు కుర్చీ ముందుకు జరిపారు. ఆ సంబరంలో, పంది పక్కటెముకలు కాల్చేవాడు కాస్త సాయం పట్టమంటే వెళ్లి నిప్పుల మీదికి వంగాను.

నిప్పుల వేడికి నా చంద్రుడు కరిగాడు. రెండు కొమ్ములూ కిందికి వాలి, బొట్టు బొట్టుగా మాంసం మీదకి దిగుతున్నాడు. ముందు వాసన వచ్చింది, తర్వాత మా వదిన కందిడా వచ్చింది. తికాకి అక్క. ఆవిడ నోరు మామూలు నోరు కాదు.

"రండర్రా, చూడండి! మా మరిది మెడలో చంద్రుడు అస్తమిస్తున్నాడు!"

పందిరంతా విరగబడి నవ్వింది. తికా కూడా నవ్వింది, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వదిన అంతటితో ఆపలేదు.

"పోన్లెండి, వీడు ప్లాస్టిక్‌దైనా తెచ్చుకున్నాడు. ఊరంతటికీ పంచిపెట్టే మా చెల్లెలి మెడ ఎవరైనా చూశారా? దానికి అదీ లేదు."

అందరూ దానికీ నవ్వారు. నేను మాత్రం తికా మెడ వంక చూశాను. చిన్న సిలువ గొలుసు, రెండు ముడతలు, అంతే. పదకొండేళ్లు ఆ ఇంట్లో నేను ఒక్క మెడ గురించే ఆలోచించాను, అది నాది. ఆవిడ తనకోసం చెక్కుకోకూడదు, ఎవర్నీ అడక్కూడదు. ఇక ఆమెకి ఇచ్చేదెవరు? సిగ్గుతో చచ్చిపోయాను. కరిగిన ప్లాస్టిక్ చూసి పడ్డ సిగ్గు దీని ముందు ఏపాటిది!

మర్నాడు పొద్దున్నే రోడ్డు దాటి కిన్ ఇంటికి వెళ్లాను. ఏడేళ్ల తర్వాత ఆ గడప తొక్కడం అదే. వాడు పుంజును చంకలో దాచుకున్నాడు.

"దానికోసం రాలేదురా. నీ షెడ్డూ, నీ గ్రైండరూ కావాలి."

"దేనికి?"

చెప్పాను. వాడు పుంజును కింద వదిలేశాడు. "చిప్పుందా?" అన్నాడు.

ఉంది. మా అమ్మ కాలం నుంచి పెరట్లో కోళ్లు నీళ్లు తాగే తొట్టి హిమా చిప్పే. బెత్తెడు మందం. దాన్ని గోనెసంచిలో చుట్టి తరలించాను. మొదటి ముక్క రెండుగా విరిగింది. రెండోది రంధ్రం వేస్తుంటే మూడుగా విరిగింది. కిన్ కూర్చుని, "నీకంటే కోళ్లకే ఎక్కువ పనికొచ్చేదిరా ఆ చిప్ప" అనేవాడు.

కానీ మేమిద్దరం ఒక సంగతి మరిచిపోయాం. హిమా చిప్పను గ్రైండర్ మీద పెడితే వచ్చేది అచ్చం పళ్ల డాక్టరు పన్ను అరగదీసినప్పటి వాసన. ఇంట్లో ఉన్నదేమో ఇరవై ఆరేళ్లు ఆ వాసన పీల్చిన ముక్కు.

"పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లావా?" అంది తికా, అన్నం వడ్డిస్తూ.

"ఆ... అవును."

"నిన్న కూడానా?"

"పెద్ద పని. రోజూ రమ్మన్నాడు."

"ఏ పన్ను?"

తడుముకోకుండా నోట్లో వేలు పెట్టి చూపించాను.

"అది కట్టుడు పన్ను సిల్బినూ. పెట్టించుకున్న రోజు నీ తల పట్టుకున్నది నేనే" అంది. తర్వాత పెరట్లోకి వెళ్లి చూసింది. కోళ్లు రంగు డబ్బాలో నీళ్లు తాగుతున్నాయి. తిరిగొచ్చినప్పుడు ఆవిడ మొహంలో నవ్వు లేదు.

"తొట్టేది?"

"పగిలింది."

నిజమే, పగిలింది. నేనే పగలగొట్టాను. కానీ ఆవిడకి ఏం అర్థమైందో నాకు తెలిసిపోయింది. ప్లాస్టిక్‌ది కరిగిపోయింది కాబట్టి మొగుడు ఇప్పుడు తనకోసం తానే చెక్కుకుంటున్నాడని అనుకుంది.

"నాకు తున్ సెగుండో మరీ మరీ చెప్పాడు, తనకోసం చెక్కుకునేవాణ్ణి దగ్గరికి రానివ్వొద్దని. నా ఇంట్లోనే అది జరిగితే రేపు ఇంకొకళ్ల మెడలో ఏ మొహం పెట్టుకుని వేస్తాను?" అంది. వెళ్లి తన గ్రైండర్ మీద దుప్పటి కప్పేసింది.

మూడు వారాలు ఆ దుప్పటి తియ్యలేదు. నాతో మాట్లాడలేదు. గిన్నెలతోనే మాట్లాడింది, అదీ గట్టిగా. నిజం చెప్పేద్దామని రోజూ నోటిదాకా వచ్చేది. చెబితే చూపించడానికి నా దగ్గరున్నదేమిటి, ఐదు విరిగిన ముక్కలు. "ముందు ఒక్కటి విరక్కుండా చెయ్యి, తర్వాత చెప్దువుగాని" అన్నాడు కిన్. భయమేసింది, నిజంగా. నా చేతకానితనం వల్ల తికా పని ఆగిపోతుందేమోనని భయమేసింది.

ఊరి పండగ రోజుకి మూడోది విరక్కుండా మిగిలింది. మధ్యాహ్నం జనమంతా బల్లల చుట్టూ ఎర్ర అన్నం, నిమ్మరసం పిండిన కోడిమాంసం కెలగ్వెన్ వడ్డించుకుంటున్నారు. తికా పెద్దవాళ్ల బల్ల దగ్గర నిలబడి ఉంది. నేను చొక్కా జేబులో చెయ్యి పెట్టుకుని వస్తుంటే చూసి ఒక అడుగు ముందుకొచ్చింది.

"సిల్బినూ, ఇక్కడొద్దు. నీకు దండం పెడతా. పెద్దవాళ్లున్నారు."

నేను ఆగలేదు. జేబులోంచి తీసి ఆవిడ మెడలో వేశాను.

కందిడా వదిన నోరు తెరిచి అలాగే ఉంచేసింది. తికా దాన్ని చేతిలోకి తీసుకుంది. కళ్లజోడు పెట్టుకుంది.

"రంధ్రం పక్కకి పోయింది" అంది.

"పోయింది."

"ఈ కొమ్ము లావుగా ఉంది."

"కోళ్లు అటువైపు తక్కువ తాగేవి."

"ఇక్కడ గ్రైండర్ జారింది."

"జారింది. వేలు కూడా తెగింది."

నా వేలు పట్టుకుని చూసింది. ఇక ఆపుకోలేకపోయింది, అంతమందిలో ఏడ్చేసింది. "నేనేమనుకున్నానో తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పొచ్చుగా!"

"నువ్వు అడగలేదుగా" అన్నాను.

ఏడుస్తూనే నా భుజం మీద ఒకటి గట్టిగా వేసింది. కందిడా వదినకి అప్పటికి నోరు పని చేసింది. "ఊరికే తగిలించి పోతే ఎలా? ఎందుకిచ్చావో పదిమందిలో చెప్పాలి."

నాకు ఉపన్యాసాలు రావు. "ఎవరు ఎవరికి ఏం మేలు చేశారో పదకొండేళ్లుగా ఈవిడే చూస్తూ వచ్చింది. ఈవిడ వంక మనమెవ్వరం చూడలేదు. నేను మరీనూ" అన్నాను. వెనకనుంచి ఎవరో ముక్కు చీదారు. కిన్‌గాడే.

మర్నాడు పొద్దున తికా దుప్పటి తీసి దులిపి, గ్రైండర్ ముందు కూర్చుంది. పక్క ఊరి నర్సుకి ఏదో మొదలుపెట్టింది. వంగినప్పుడల్లా నా వంకర చంద్రుడు ఊగి చక్రానికి అడ్డం వస్తున్నాడు. తిట్టుకుంటూ దాన్ని వీపు మీదికి తోసుకుంటోంది. అది మళ్లీ జారి ముందుకొస్తోంది.

"తీసి పక్కన పెట్టుకోవచ్చుగా" అన్నాను గుమ్మంలోంచి.

"వేసింది నువ్వు. తియ్యాలంటే నువ్వే వచ్చి తియ్యి" అంది, తల ఎత్తకుండా.

నేను తియ్యలేదు.