వసుంధర మేడం ఎండాకాలం బడి

తెల్లారి నల్లా తిప్పగానే ముందు గాలి వస్తుంది. బుస్సుమని, రెండుసార్లు దగ్గి, ఆ తర్వాత బ్లీచింగ్ వాసనతో నీళ్లు పడతాయి. తార్నాకలో మా గల్లీ వాళ్లంతా ఆ చప్పుడుకే లేచి బిందెలు వెతుక్కుంటారు. నేను బిందె పెట్టి కాసేపు ఊరికే నిలబడతాను. ఈ నీళ్లు ఎక్కడివి, ఎవరు వదిలారు, నాకంటే ముందు ఎవరింట్లో పడ్డాయి, నా తర్వాత ఎవరికి అందవు అని మనసులో ఒక వరుస నడుస్తుంది. ఈ జబ్బు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. వసుంధర మేడం అంటించింది. ఆమె పోయింది, జబ్బు ఉన్నది.

నేను బడికి పోయినదాన్ని కాదు. జనగామ దిక్కు నుంచి మా ఆయన వెంట కూలికి వచ్చి, ఆయన పోయాక యూనివర్సిటీలో ఊడ్చే పనికి కుదిరాను. తల సగం నెరిసినాక అక్షరాలు పట్టుకున్నాను. కాబట్టి ఈ రాత అక్కడక్కడ కుంటితే చదివేవాళ్లే సర్దుకోవాలి. నేను ఊడ్చే డిపార్ట్‌మెంటులో వసుంధర మేడం పాఠాలు చెప్పేది. బందరు దగ్గర పుట్టిన మనిషి. పెళ్లయి ఈ ఊరు వచ్చి, తార్నాకలో ఒక ఫ్లాటులో భర్తతో ఉండేది. ఆయన రైల్వేలో ఆఫీసరు చేసి రిటైరయ్యాడు. మేమంతా సార్ అనేవాళ్లం. వాళ్లకు పిల్లల్లేరు. మేడంకు ఉబ్బసం. చేతిసంచిలో చాక్‌పీసుల పక్కనే ఊపిరి పీల్చుకునే పంపు ఉండేది. దానిమీద ఎప్పుడూ సుద్దపొడే.

ఎండాకాలం పరీక్షలైపోయి హాస్టళ్లు ఖాళీ అయ్యాక ఆమె అసలు క్లాసు మొదలయ్యేది. యూనివర్సిటీ వెనక బస్తీలో ఇంటర్ అయిపోయిన పిల్లలు, ఊరికి పోయినా చేసేదేమీ లేదని హాస్టల్లోనే ఉండిపోయిన పిల్లలు వచ్చి కూర్చునేవాళ్లు. పుస్తకం లేదు, పరీక్ష లేదు. ఊరు ఎలా నడుస్తుంది అన్నది ఒక్కటే పాఠం. ఒక్కొక్కరు ఒక్కో వస్తువును పట్టుకొని నెలంతా దాని వెంట తిరగాలి. ఒకరు పాల ప్యాకెట్ వెంట, ఒకరు చెత్తబండి వెంట, ఒకరు మోరీలో మురుగునీళ్ల వెంట. మొదటిరోజే ఒక పిల్లగాడు లేచి, "మేడం, ఈ ఊరు దానంతటది నడవదు. మేమే నడిపిస్తం" అన్నాడు. గదంతా గొల్లున నవ్వింది. "అయితే మీ వెంటే తిరుగుతానయ్యా" అన్నది ఆమె. నిజంగానే వాడు పనిచేసే మెకానిక్ షెడ్డుకు వెళ్లి ఒక పూట కూర్చుంది కూడా.

నాకు ఆమెతో పరిచయం చీపురుతో అయింది. ఒకరోజు పొద్దున తలుపు తీస్తే బెంచీలన్నీ గోడకు జరిపి ఉన్నాయి. నేల నిండా వంకరటింకర సున్నపు గీతలు. చుక్కల్లేవు, లెక్క లేదు, ఎవరో చేతగాని మనిషి వేసిన ముగ్గు అనుకొని శుభ్రంగా ఊడ్చి, తడిగుడ్డ కూడా పెట్టాను. మేడం వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఎల్లమ్మగారూ, ఎంత పని చేశారండీ! మూసీ నుంచి సికింద్రాబాదు దాకా ఊరు మొత్తం ఊడ్చేశారే!"

అప్పటిదాకా నన్ను గారూ అని పిలిచినవాళ్లు లేరు. ఇది తిట్టో మర్యాదో తెలియక నోటికి వచ్చింది అనేశాను. "గది ఊరని నాకేం ఎరుక మేడం? గింత మురికి ఊరును ఊడ్వకుంట ఎట్లుంటరు?"

వెనక పిల్లలు పడీపడీ నవ్వారు. ఆమె కొంగు అడ్డం పెట్టుకొని నవ్వి నవ్వి, దగ్గు తెరలు వచ్చి బెంచీ మీద కూలబడింది. పంపు పీల్చుకొని, "సరే, ఊడ్చినవాళ్లే కట్టాలి. మేం చెప్తాం, మీరు గీయండి" అని సున్నం డబ్బా నా చేతిలో పెట్టింది. వాళ్లు చెప్పినట్టల్లా నది గీశాను, రైలుపట్టా గీశాను. పేర్లు రాసే చోటు వచ్చినప్పుడు మాత్రం డబ్బా పక్కనున్న పిల్లకు ఇచ్చేశాను. మేడం అది చూసింది.

మర్నాడు సాయంత్రం బస్‌స్టాపులో నా పక్కన వచ్చి నిలబడింది. "మీ బస్సు ఏదో ఎలా తెలుస్తుందండీ?" అంది. పక్కోళ్లను అడుగుతానన్నాను. పక్కన ఎవరూ లేకపోతే? "ఎవరన్నా వచ్చేదాక నిలవడ్త." అయ్యో పాపం అనలేదు, అది ఆమెలో నాకు నచ్చింది. ఎదురుగా దుకాణం బోర్డు మీద తార్నాక అన్న మాట చూపించి, మొదటి అక్షరం గాలిలో వేలితో రాసింది. అందరికీ అ ముందు వస్తుంది, నాకు త ముందు వచ్చింది. ఆ మాటలో నడిమి అక్షరం నన్ను చాలా ఏడిపించింది. ఆ తర్వాత మందుల షాపు, చాయ్ హోటలు, కాచిగూడ పోయే బస్సు, రామంతాపూర్ పోయే బస్సు. ఇప్పటికీ అక్షరమాల వరుసగా చెప్పమంటే నాకు రాదు. బస్సులు వచ్చిన వరుసలోనే అవీ వచ్చాయి.

ఆ తర్వాత ఉద్యమం వచ్చింది. అంతకుముందు లేదని కాదు, ఆ చలికాలం మాత్రం యూనివర్సిటీ రూపమే మారిపోయింది. గేట్ల దగ్గర ముళ్లకంచెలు, పోలీసు వ్యాన్లు, మెట్లమీద డప్పులు, పాటలు. నేనూ రోడ్డు మీద కూర్చున్నదాన్నే. ప్రత్యేక రాష్ట్రం కావాలని గొంతు పోయేదాకా అరిచినదాన్నే. దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పను. మా ఊళ్లో బావులు ఎండిపోయి, మా ఆయన మేస్త్రీల కింద ఇటుకలు మోసి మోసి పోయాడు. ఆ కోపం నాది, ఎవరో నేర్పింది కాదు.

ఎండాకాలం వచ్చేసరికి ఈసారి క్లాసు ఉంటుందా అన్నది అందరి నోటా ఉంది. వద్దని సార్ చెప్పాడు. డిపార్ట్‌మెంటులో తోటివాళ్లు చెప్పారు. మేడం మాత్రం మామూలుగానే గది తాళం తీయించింది. పిల్లలు వచ్చారు, కానీ కూర్చోలేదు. అందరూ శ్రీశైలం వైపు చూస్తున్నారు. శ్రీశైలం నల్గొండ పిల్లగాడు. హాస్టల్లో ఉండి చదువుతూ, రెండేళ్లుగా మోరీ నీళ్ల వెంట తిరిగి మూసీ దాకా పోయినవాడు. ఆమెకు అందరికంటే దగ్గరివాడు. ఇప్పుడు ఉద్యమంలో ముందు వరుసలో ఉన్నాడు. వాడు పోతే మిగతావాళ్లూ పోతారు. ఆ గది ఖాళీ అయితే ఆమెకు ఈ ఊళ్లో ఇంకేం మిగలదని నాకు తెలుసు.

శ్రీశైలం చేతులు కట్టుకొని అన్నాడు: "మేడం, ఏమనుకోకున్రి. ఊరు మాది. మా ఊరు ఎట్ల నడుస్తదో మీరు మాకు చెప్తరా?"

చీపురు నా చేతిలోనే ఆగిపోయింది. ఆమె ముఖం ఎర్రబడింది. కానీ గొంతు పెంచలేదు. "నేనెప్పుడు చెప్పానయ్యా? వచ్చినప్పటి నుంచీ మిమ్మల్ని అడుగుతూనే ఉన్నాగా. ఇంకొన్నాళ్లు అడగనిస్తావా, వద్దంటావా?"

వాడు గది దాటి వెళ్లిపోయాడు. సగం మంది వాడి వెంటే పోయారు.

ఆ వారంలోనే బంద్ వచ్చింది. బంద్ రోజు ఎవరూ ఇల్లు కదలరు. మేడం గొడుగు వేసుకొని, మిగిలిన నలుగురు పిల్లల్ని తీసుకొని తార్నాక చౌరస్తాకు బయలుదేరింది. నేనూ వెంట పోయాను, ఆమె మీద ఎవరన్నా చెయ్యి వేస్తే ఊరుకునేదాన్ని కాదు గనక. ఇప్పుడు మెట్రో తిరిగే చోట అప్పుడు రోడ్డుకు అడ్డంగా రాళ్లు, కాలిన టైర్లు. అక్కడ శ్రీశైలం, వాడి దోస్తులు. మమ్మల్ని చూసి ఒకడు, "ఓ శ్రీశైలం, మీ పంతులమ్మ క్లాసును రోడ్డు మీదికే తెచ్చింది!" అని ఎగతాళి చేశాడు.

"ఎప్పుడూ రోడ్డు మీదే కదయ్యా మా క్లాసు" అని ఆమె ఫుట్‌పాత్ మీద నిలబడింది.

పాల వ్యాన్ వచ్చింది. ఆపాలని కొందరు, వద్దని కొందరు. శ్రీశైలం రాయి పక్కకు జరిపి, "పోనీయ్ రా, పసిపిల్లలు తాగుతరు" అన్నాడు. నీళ్ల ట్యాంకర్ వచ్చింది. "ఎవనిది, హోటల్‌దా బస్తీదా?" అని డ్రైవర్‌ను అడిగాడు. హోటల్‌దని చెబితే వెనక్కి పంపాడు. ఒక ఆటోలో నొప్పులు పడుతున్న ఆడమనిషి వస్తే, పరుగెత్తి ముందున్న అడ్డు కూడా తీయించాడు. మేడం ఎండలో కదలకుండా చూసింది. చివరికి దగ్గరకు వెళ్లి మెల్లగా అంది: "శ్రీశైలం, ఏది ఆగాలో, ఏది ఆగకూడదో పొద్దున్నుంచీ నువ్వే తేలుస్తున్నావు. ఊరు నడపడమంటే ఇదేనయ్యా. రేపు రాష్ట్రం వచ్చాక కూడా ఇదే పని. నేను నేర్పలేదు, నువ్వు చేశావు."

వాడు తల వంచుకున్నాడు. "ఎండల నిలవడ్డరు మేడం. నీళ్లు తాగున్రి" అని తన సీసా ఇచ్చాడు. మర్నాడు క్లాసుకు వచ్చి మొదటి బెంచీలో కూర్చున్నాడు. వాడితో పాటు అందరూ వచ్చారు. ఆ రోజు ఆమె నడకే వేరుగా ఉండింది, కొత్త పెళ్లికూతురులాగా.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక మధ్యాహ్నం గేటు దగ్గర గొడవై, పిల్లలు మా డిపార్ట్‌మెంటు వైపు పరుగెత్తుకొచ్చారు. వాళ్ల వెనకే పోలీసుల పొగగుండ్లు పడ్డాయి. కళ్లలో కారం కొట్టినట్టయింది. మేడం తన క్లాసు పిల్లల్ని నాతో వెనక తలుపు నుంచి పంపేసింది. "మీరూ నడవున్రి" అని చెయ్యి పట్టి లాగాను. "ఇంకా వస్తున్నారండీ, తలుపు మూసేస్తే ఎటు పోతారు?" అని ముందు తలుపు పట్టుకొని నిలబడింది. వచ్చినవాళ్లు ఎవరో, ఏ ఊరివాళ్లో ఆమె చూడలేదు. పిల్లల్ని దాటించి నేను మళ్లీ వచ్చేసరికి గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. పంపు చేతిలోనే ఉంది, ఊపిరి మాత్రం అందడం లేదు. నా వెంటే తిరిగొచ్చిన శ్రీశైలం ఆమెను చంటిపిల్లలా ఎత్తుకొని తార్నాక రోడ్డు దాకా పరుగెత్తాడు. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాడు.

ఆమె బతికింది. కానీ మునుపటి మనిషి కాలేదు. ఆసుపత్రి వరండాలో సార్ మా ముఖం కూడా చూడకుండా, "చాలమ్మా. మీ ఊరికి ఆవిడ చేసింది చాలు" అన్నాడు. ఈ దుమ్ములో ఉండకూడదని డాక్టర్లు చెప్పారట. బందరు తీసుకుపోయాడు. వెళ్లే రోజు ఆమె మాట్లాడలేక, నా అరచేతిలో వేలితో రాసింది. 'వస్తా' అని. నేను చదివాను. చదవడం రాకపోయినా బాగుండు అనిపించింది ఆ ఒక్కసారి.

తర్వాతి ఎండాకాలం శ్రీశైలం తనే క్లాసు పెట్టి చూశాడు. కొన్నాళ్లకే ఆపేశాడు. "నాకు చెప్పుడే వస్తది అమ్మా. ఆమె లెక్క అడుగుడు వస్తలేదు" అన్నాడు.

రాష్ట్రం వచ్చిన రోజు చౌరస్తాలో రంగులు చల్లుకున్నాం. ఆ రంగుల చేతులతోనే శ్రీశైలం బందరుకు ఫోను కలిపి నా చెవికి పెట్టాడు. ఆమె గొంతు ఎక్కడో బావి అడుగు నుంచి వచ్చినట్టుంది. "మొత్తానికి సాధించారు ఎల్లమ్మగారూ. ఇన్నాళ్లూ బయటివాళ్లను నిలదీశారు. ఇకమీద మిమ్మల్ని మీరే నిలదీసుకోవాలి. అది ఇంకా కష్టం." కష్టమేనని ఇన్నేళ్లలో తెలిసింది. నల్లాలో ఇప్పటికీ రోజు విడిచి రోజే నీళ్లు.

కొంతకాలానికి కబురు వచ్చింది. పెద్దకర్మకు నేను, శ్రీశైలం రైలెక్కి పోయాం. ఇల్లంతా వాళ్ల చుట్టాలు. మా యాస వినగానే నలుగురు మా వైపు తలలు తిప్పారు. ఒక పెద్దావిడ, "ఎవరమ్మా మీరు?" అంది. హైదరాబాదు నుంచి వచ్చామని చెప్పాను. "ఆవిడ ఊపిరి తీసిన ఊరు" అని వెనక నుంచి ఎవరో అన్నారు. శ్రీశైలం గడప దగ్గరే ఆగిపోయాడు. వెనక్కి తిరిగేవాడే.

ఆసుపత్రి తర్వాత మాతో మాట్లాడని సార్ లోపలినుంచి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. శ్రీశైలం భుజం మీద చెయ్యి వేసి, ఆ పెద్దావిడతో అన్నాడు: "మా ఊరివాళ్లు పిన్నీ. మా ఇంటివాళ్లు. ముందు వీళ్లకి వడ్డించండి."

విస్తరి ముందు శ్రీశైలం ముద్ద ఎత్తలేకపోయాడు. నేను తిన్నాను. ఆమె పేరున పెట్టిన అన్నం, ఒక్క మెతుకు వదలలేదు. తింటుంటే కళ్లనీళ్లు విస్తట్లో పడ్డాయి, తుడుచుకోలేదు.

ఇప్పటికీ రెండూ మోస్తున్నాను. కొట్లాడి తెచ్చుకున్నామన్న గర్వం, ఆ కొట్లాటలోనే ఆమెను పోగొట్టుకున్నామన్న దుఃఖం. ఒకదాని కోసం ఇంకొకటి దించెయ్యమని చెప్పేవాళ్లు ఈ పక్కా ఉన్నారు, ఆ పక్కా ఉన్నారు. దించను.